చీఫ్ అడెగోకె గారి చివరి సరఫరా

ఓకెసోరో పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊరి విద్యుత్ కార్యాలయానికి అధిపతిగా ఉండి, ఊరిని చీకటికి అలవాటు చేసి, ప్రజలకు చందమామ విలువ తెలియజెప్పిన చీఫ్ అడెగోకె గారు వెలుగులో కలిసిపోయారు.

'వెలుగులో కలిసిపోయారు' అన్నది ఊళ్లో గోడలన్నింటి మీదా అతికించిన రంగుల పోస్టర్లలోని మాట. "బతికుండగా ఆయనకీ దానికీ పరిచయం లేదు కదా, ఎలా గుర్తుపట్టాడో" అని ఆ పోస్టర్ల ముందు ఒకరిద్దరు అనుకున్నది వాస్తవమే. పోయినవారిని అలా అనకూడదు కనుక మెల్లిగా అనుకున్నారు.

నిజానికి చీఫ్ గారు ఎవరికీ అన్యాయం చేయలేదు. అందరికీ సమానంగా తీసేశారు. ఆయన ఇన్‌ఛార్జిగా ఉన్నన్నాళ్లూ ఊళ్లో ఏ ఫోనుకీ ఛార్జి లేదు. రాజుగారి కోటకు మాత్రం విడిగా ఒక తీగ వేయించారు. ఆ తీగ పుణ్యమా అని రాజుగారు మురిసిపోయి 'ఇమోలె' అనే బిరుదు ఇచ్చారు. ఇమోలె అంటే వెలుగు. ఆ బిరుదు ప్రదానోత్సవం జనరేటరు పెట్టుకుని జరిపారు.

పెద్దవాళ్లు పోతే వెంటనే పూడ్చిపెట్టేయడం మా వైపు మర్యాద కాదు. కొడుకులు నలుగురిలో తల ఎత్తుకునేటంత విందుకి కూడబెట్టుకోవాలి, చుట్టాలందరూ ఒకే తాను గుడ్డ కొని కుట్టించుకోవాలి, పాటల మేళం దొరకాలి. అంతవరకూ పెద్దాయన ఆసుపత్రి శీతల గదిలో వేచి ఉండాలి. ఆ గదికి రాత్రింబవళ్లు జనరేటరు నడుస్తుంది. కోట బయట, ఓకెసోరో చరిత్రలో నిరంతరాయ విద్యుత్తు అనుభవించిన మొదటి పౌరుడు ఆ విధంగా చీఫ్ అడెగోకె గారే అయ్యారు.

ఇక్కడ ఆయన పెద్దకొడుకు రోతిమి గురించి చెప్పుకోవాలి. లేగోస్ మహానగరంలో ఫోను కవర్లు, ఛార్జర్లు, చెవిలో పెట్టుకునే వైర్లు అమ్ముతాడు. దేవుడు అన్నీ ఇచ్చాడు. మెడలో పగడాల దండ, పేరు ముందు 'చీఫ్' అన్న మాట, ఈ రెండే ఇవ్వలేదు. తండ్రి పోయిన కబురు వినగానే అతను నిజంగానే ఏడ్చాడు. ఏడుపు మధ్యలో ఒక్క క్షణం ఆగి, "అయితే ఇమోలె ఖాళీ అన్నమాట" అన్నాడు. మళ్లీ ఏడ్చాడు.

బిరుదు కొడుకుకే రావాలన్న రూలు లేదు. కొడుకు తండ్రిని ఎలా సాగనంపాడో ఊరి పెద్దలు వచ్చి చూస్తారు, తింటారు, మళ్లీ వడ్డించుకుని ఆలోచిస్తారు, ఆ విందులోనే లేచి నిర్ణయం ప్రకటిస్తారు. ప్రజాస్వామ్యంలో ఇంతకన్నా నమ్మదగిన పద్ధతి మావాళ్లకు ఇంకా తెలియదు.

పోటీలో అకినోలా ఉన్నాడు. ఊళ్లో సగం వంతెన, సగం బడి, సగం ఆసుపత్రి కట్టిన కాంట్రాక్టరు. నిరుడు వాళ్లమ్మ పోయినప్పుడు వచ్చినవారందరికీ బకెట్లు పంచాడు. చావు విందుకి వచ్చినవాళ్లకి పోయినవారి బొమ్మ అచ్చేసిన వస్తువు ఏదో ఒకటి కానుకగా ఇవ్వాలి కదా. అకినోలా బొమ్మను బకెట్టు లోపల అడుగున వేయించాడు. స్నానం చేస్తూ నీళ్లు తోడుకునేకొద్దీ ఆవిడ నవ్వుతూ పైకి తేలుతుంది. ఊళ్లో మగవాళ్లు చాలామంది ఇప్పటికీ సగం బకెట్టుతోనే స్నానం ముగిస్తున్నారు. ఆ బకెట్ల కీర్తిని ఎలా తన్నాలా అని అడెగోకె కుటుంబం సమావేశమైంది.

"గొడుగులిద్దాం" అన్నాడొక బాబాయి.

"గొడుగు ఇచ్చేసరికి వానలు వెళ్లిపోతాయి. వచ్చినవాళ్లందరికీ పవర్ బ్యాంకు ఇద్దాం" అన్నాడు రోతిమి.

మేనత్త అడున్ని ఆ కుటుంబంలో అందరికన్నా పెద్దది. చెవి కాస్త దూరం, నోరు బాగా దగ్గర. "మనిషికో బ్యాంకు ఇచ్చేస్తే మనకేం మిగుల్తుందిరా?" అంది.

"ఆ బ్యాంకు కాదత్తా. చిన్న డబ్బా. లోపల కరెంటు దాచుకోవచ్చు. దారిలో ఫోను చచ్చిపోయిందనుకో, దీంతో బతికించుకోవచ్చు."

"మీ నాన్న దాచిన కరెంటా?"

"అయితే ఊరందరికీ సరిపోతుందిలే అత్తా, బోలెడు దాచాడు" అంది రోతిమి చెల్లెలు మొరెనికె. బడిపంతులమ్మ కనుక ఆమె హాస్యానికి ఎవరూ నవ్వరు.

రోతిమి తన వ్యాపార పరిచయాలన్నీ వాడి డబ్బాలు తెప్పించాడు. అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బా, దాని మీద చీఫ్ గారి నిండైన ముఖం, కింద 'మన వెలుగు మనతోనే' అన్న బంగారు అక్షరాలు. ఛార్జి ఎంతుందో చూపించే నాలుగు చిన్న దీపాలు సరిగ్గా ఆయన పళ్ల దగ్గర పడ్డాయి. డబ్బా నిండితే నాలుగు పళ్లూ వెలిగి చీఫ్ గారు చిరునవ్వు నవ్వుతారు. అయిపోవస్తే ఒక్క పన్ను ఎర్రగా మిణుకుమిణుకుమంటుంది, అప్పుడు ఆయన కరెంటు ఆఫీసులో కూర్చున్నట్టే ఉంటారు.

మొరెనికె ఒకటి నొక్కి చూసింది. పన్ను వెలగలేదు.

"అన్నయ్యా, ఇవి ఖాళీగా ఉన్నాయి. ఛార్జి చేసి ఇద్దాం."

"ఇన్ని డబ్బాలా? ఎక్కడ చేస్తావ్? అకినోలా బకెట్లిచ్చినప్పుడు నీళ్లు నింపి ఇచ్చాడా?"

"నీళ్లు ఊళ్లో దొరుకుతాయి కదన్నయ్యా."

"నువ్వు పిల్లలకి లెక్కలు చెప్పుకో. కానుక కానుకే. ఇచ్చేది డబ్బా, నింపుకునేది జనం. ఇంకో సంగతి, వెళ్లిపోయేటప్పుడు గుమ్మం దగ్గర ఇవ్వడం కాదు. పెద్దలు నోరు తెరవకముందే చేతిలో పెట్టేయాలి."

"అందరూ చివర్లోనే ఇస్తారు."

"అందరికీ బిరుదులు రావడంలేదు."

రోతిమి చేసిన పొరపాటు ఇదొక్కటే. లేగోస్‌లో ఉండి ఉండి సొంత ఊరి మనుషుల్ని మరిచిపోయాడు.

విందు రోజు సాయంత్రం ఊరి ఫంక్షన్ హాలు కిటకిటలాడింది. కుటుంబమంతా ఊదారంగు తాను గుడ్డలో ఉన్నారు. ఆడవాళ్ల తలగుడ్డలు ఎంత ఎత్తున లేచాయంటే వెనక వరసలవారికి వేదిక ఉందన్నది కేవలం నమ్మకంగా మిగిలింది. టమాటాలతో ఎర్రగా వండిన జొలోఫ్ అన్నం, దంచిన పెండలం ముద్దలు, మేక మాంసం పులుసు, చల్లటి బీరు. బయట జనరేటరు గర్జిస్తోంది, లోపల మేళం దాన్ని మించి గర్జిస్తోంది. మేళం నాయకుడు చీఫ్ గారిని సూర్యుడన్నాడు. రోతిమి వెళ్లి అతని నుదుటి మీద బహుమానంగా నోట్లు అతికించగానే సూర్యుడి కొడుకు కూడా సూర్యుడే అన్నాడు.

సరిగ్గా అప్పుడు కానుకలు పంచారు.

జనం డబ్బాలను తిప్పి తిప్పి చూశారు. తరవాత పెద్ద హర్షధ్వానం. అకినోలా ముఖం వాళ్లమ్మ బొమ్మ మీద నీళ్లు పోసినట్టయింది. రోతిమి గుండె నిండిపోయింది. బిరుదు ఇక మెడలో పడడమే ఆలస్యమనుకుని చొక్కా కాలరు కాస్త వదులు చేసుకున్నాడు కూడా.

అయితే ఓకెసోరో మనిషికి చేతిలో ఖాళీ డబ్బా, గోడలో ప్రాణమున్న ప్లగ్గు ఒకేసారి దొరకడం జీవితంలో అరుదు. మేం ఏ ఇంటికి వెళ్లినా కుశలప్రశ్నకు ముందు గోడ కింది అంచు చూస్తాం. ఛార్జరు లేకుండా గడప దాటడం, ఒంటి మీద బట్ట లేకుండా దాటడం మాకు ఒకటే. క్షణంలో చేతిసంచుల్లోంచి, జేబుల్లోంచి, ఒకావిడ తలగుడ్డలోంచి కూడా వైర్లు బయటికి వచ్చాయి. ముందు గోడల ప్లగ్గులు నిండాయి. ఎవరో దూరాలోచనతో ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చుకున్నారు, దానికి ఇంకొకరి బోర్డు, దానికి మరొకరిది తగిలించి, అది బల్లల కింద నుంచి పాకుతూ వంటశాల దాకా వెళ్లింది. బీరు ఫ్రిజ్జు పీకేశారు. "కాసేపు గోరువెచ్చగా తాగితే ఏం పోయిందిలే" అన్నారు. ఫ్యాన్లు పీకేశారు. చర్చి పాస్టరుగారు వేదిక వెనక మోకాళ్ల మీద వంగి చాలాసేపు ఉండిపోయారు. ఆత్మశాంతి కోసం ప్రార్థిస్తున్నారని జనం కళ్లు తుడుచుకున్నారు. ఆయన లేచేసరికి మేళంవారి డ్రమ్ముల మైకు ఆగిపోయింది, ఆయన చేతిలో చీఫ్ గారికి ఒక పన్ను వెలిగింది.

రోతిమి వేదిక మీద నుంచి చూస్తున్నాడు. హాల్లో దీపాలు ఎర్రబడుతున్నాయి. జనరేటరు గర్జన దగ్గుగా మారుతోంది. దిగి ఆపమందామంటే పెద్దల ముందు కానుక వెనక్కి లాక్కున్నట్టవుతుంది. పక్కన కూర్చున్న చెల్లెలి వైపు చూశాడు. ఆమె తన డబ్బాను బుద్ధిగా సంచిలో పెట్టుకుని పులుసు తింటోంది.

"ఇంకెంతసేపే ఆ ముసలాయన నమలడం?" అన్నాడు పళ్ల బిగువున.

"ఎముక దగ్గరున్నాడు. ప్రార్థించు" అంది మొరెనికె.

ఆ ముసలాయన ఊరి బాలోగున్, అంటే సేనాధిపతి. ఆయన జీవితంలో చేసిన యుద్ధాలన్నీ విందుల్లో మేక మాంసంతోనే. నిర్ణయం చెప్పవలసింది ఆయనే. ఎముక వదిలి, మైకు అందుకుని, గొంతు సవరించుకున్నాడు.

"మహాజనులారా. మన ఊరి వెలుగు ఆరిపోయింది. వెలుగు లేని ఊరు ఊరు కాదు. కనుక పెద్దలమందరం సుదీర్ఘంగా, పదార్థం పదార్థంగా ఆలోచించి, ఇమోలె బిరుదుకి అర్హుడు ఎవరయ్యా అంటే..."

జనరేటరు ఆఖరిసారి దగ్గింది. పోయింది.

హాలు చిమ్మచీకటి. కంచంలో చెంచా పడ్డ చప్పుడు. ఎక్కడో అకినోలా ముక్కుతో నవ్విన చప్పుడు. రోతిమికి వెలుగు బిరుదు కోసం విందు చేసి హాలంతా చీకటి చేసినవాడు లోకంలో తనొక్కడే ఉంటాడనిపించింది. రేపటి నుంచి లేగోస్‌లోనే ఉండిపోవాలి. వీలైతే అక్కడ కూడా పేరు మార్చుకోవాలి.

అప్పుడు వెనక వరసలో ఒక ముసలమ్మ గొంతు వణుకుతూ వినిపించింది. "ఆయనే. ఆయనే వచ్చాడమ్మా."

హాలంతా ఒక నిట్టూర్పు పాకింది. అవును. ఆయనే. అచ్చం ఇలాగే తీసేవాడు. ఒకరు వెక్కి ఏడ్చారు. పోయినవారి ఫోటో చూస్తే రాని దుఃఖం, చీకటి చూడగానే ఊరందరికీ ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

బాలోగున్ మైకు లేకుండానే మాట్లాడాడు. "మా పెద్దమ్మాయి పెళ్లిలో సరిగ్గా ఉంగరం తొడిగే వేళ తీసేశాడు మహానుభావుడు. పెళ్లికొడుకు పక్కావిడ వేలికి తొడిగాడు. ఇవాళ మళ్లీ ఆ ఘడియ కళ్లకు కట్టింది... అంటే, కట్టలేదనుకోండి, ఏమీ కనబడటంలేదు. నేను చెప్పేదేమిటంటే, కరెంటు ఎవడైనా తీస్తాడు. ఎప్పుడు తీయాలో తెలియడం ఒక విద్య. పైగా తండ్రి తన చేత్తో తీశాడు. ఈ కుర్రాడు మన చేతులతోనే తీయించాడు, మనం థాంక్సు చెప్పి మరీ తీశాం. మనకి కావలసిన నాయకత్వం ఇది కాదా?"

"ఇదే" అంది చీకటి.

"అయితే ఇమోలె రోతిమిదే."

చప్పట్లు మిన్నంటాయి. ఇది పొగడ్తో తిట్టో రోతిమికి బోధపడలేదు. అయినా బిరుదు బిరుదే. మా ఆచారం ప్రకారం పెద్దల ముందు నేల మీద బోర్లా సాగిలపడాలి కనుక, గొంతు వచ్చిన దిక్కు చూసుకుని ధడాలున పడ్డాడు. ఎవరో చివరి రెండు శాతం ఛార్జితో ఫోను టార్చి వేశారు. కొత్త ఇమోలె అకినోలా కాళ్ల దగ్గర పులుసులో పడి ఉన్నాడు. అకినోలా తన్నడానికో దీవించడానికో ఒక కాలు ఎత్తి ఉన్నాడు. గెలిచి కూడా ఓడినవాడి కాళ్ల మీద పడ్డ వినయానికి జనం మరోసారి చప్పట్లు కొట్టారు. టార్చి ఆరిపోయింది.

మర్నాటి నుంచి ఊళ్లో మరో దృశ్యం. ఇళ్లలో కరెంటు లేదు గనక అందరూ కానుకలు పట్టుకుని సంతలో జనరేటర్లతో నడిచే ఛార్జింగ్ బడ్డీలకు బయల్దేరారు. బడ్డీ బల్లల మీద చీఫ్ అడెగోకెలు వరసలు వరసలుగా, ఒకరి భుజం ఒకరు ఒరుసుకుంటూ, ఎర్రటి పన్ను మిణుకుమిణుకుమంటూ కరెంటు కోసం కాచుకుని ఉన్నారు. దారిన పోయేవాళ్లు ఆగి ఆ దృశ్యాన్ని కళ్లారా చూసి వెళ్తున్నారు. ఊరివాళ్లు ఆయన్ని ఇంతగా ప్రేమించింది ఎప్పుడూ లేదు.

కొన్నాళ్లకు ఊరి ప్రతినిధులు కొత్త ఇమోలె గారి దర్శనానికి వచ్చారు. కరెంటు సంగతి అడుగుతారని రోతిమి పగడాల దండ సర్దుకుని, రాత్రంతా బట్టీపట్టిన జవాబు సిద్ధం చేసుకున్నాడు. ఎవరూ అడగలేదు. కూర్చున్నారు, కల్లు తాగారు, గొంతు సవరించుకున్నారు.

"డబ్బాలు బాగున్నాయి చీఫ్. కానీ ఫోను ఒక్కసారి నిండేసరికి అయిపోతున్నాయి. ఈసారి కాస్త పెద్ద సైజువి చూడాలి మీరు" అన్నాడు వారి నాయకుడు.

"ఈసారి అంటే?" అన్నాడు రోతిమి.

ప్రతినిధులు ఎంతో ఆప్యాయంగా, మూలన కూర్చున్న మేనత్త అడున్ని వైపు తిరిగారు. "అమ్మా, ఒంట్లో ఎలా ఉంటోంది?"

చెవి దూరమైన అత్తకి ఆ ప్రశ్న మాత్రం చక్కగా వినిపించింది. "నన్ను మోసేవాళ్లు ఇంకా పుట్టలేదు. ఆ కల్లు తాగేసి నడవండి" అంది.

వాళ్లు నొచ్చుకోలేదు. మర్యాదగా లేచి దండం పెట్టి, అట్నుంచి అటే పక్కవీధికి వెళ్లారు. అక్కడ కస్టమ్స్‌లో చేసి రిటైరైన ఒక పెద్దాయనకి నాలుగు రోజులుగా దగ్గు తగ్గడంలేదట. ఆయన కొడుకు సోలార్ పలకల వ్యాపారంలో ఉన్నాడు.