పిడుగు పన్ను – ఇంటిల్లిపాదికీ పస్తు

ఆ ఉదయం ఇంట్లో పొయ్యి వెలగడానికి వీల్లేదని కోడలు హుకుం జారీ చేసింది. ఐదేళ్ళ కూతురికి పుచ్చిన దవడ పన్ను తీయించాలి. మెలకువగా ఉంటే డాక్టరునే కరిచే రకం కాబట్టి మత్తిచ్చి తీస్తామన్నారు. పాలు కూడా పట్టకుండా, ఖాళీ కడుపుతో తీసుకురమ్మన్నారు. ఇంట్లో అందరూ 'పిడుగు' అని పిలిచే ఆ పిల్ల, ఎవరి దవడ ఆడినా గోడ అవతల నుంచి పసిగడుతుంది. అందుకని పిల్లతో పాటు పెద్దలకూ పస్తే.

"ఖాళీ కడుపు పిల్లకి కదటే అమ్మాయ్! మధ్యలో నా కాఫీ ఏం పాపం చేసింది?" అంది అత్తగారు.

"అది చెయ్యి చాపితే మీ మనసు కరిగిపోదూ అత్తయ్యా?"

"మరి నా సంగతి?" అన్నాడు భర్త.

"మీరసలు మాట్లాడకండి. చాక్లెట్లు మేపి ఆ పన్ను పుచ్చబెట్టిందే మీరు."

మామగారు మాత్రం కిక్కురుమనకుండా పేపరు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. ఆయన అంత బుద్ధిగా ఊరుకున్నప్పుడే అనుమానించాల్సింది.

ఆస్పత్రికి ఇంటిల్లిపాదీ వెళ్ళారు. అక్కడ మత్తు డాక్టరు పిల్ల వేలికి క్లిప్పు తగిలించి, పక్కనున్న తెర మీది అంకెలు చూస్తూ, "ఏమైనా తిందా?" అనడిగింది.

తల్లికి ఒళ్ళు మండింది. "తినడమా! పొద్దున్నుంచీ మా ఇంట్లో ఒక్కరూ పచ్చి గంగ ముట్టలేదండీ. కావాలంటే ఒట్టు!"

డాక్టరు మందు గిన్నె పిల్ల నోటి దాకా తెచ్చింది. అప్పుడు పిడుగు త్రేన్చింది. విందు భోజనం ముగించిన పెద్దమనిషిలా, తీరిగ్గా, నిండుగా త్రేన్చింది.

గిన్నె ఆగిపోయింది. "ఏం తిన్నావు బంగారం?"

"తాతయ్య పేపరు చాటున బిస్కెట్లు తింటున్నాడు. అమ్మకి చెప్పకు అని నాకూ పెట్టాడు. నాన్న వాషింగ్ మెషిన్ వెనకాల బ్రెడ్డు తింటున్నాడు. చెప్పకు అని పెట్టాడు. నానమ్మ అరటిపండు..."

"ఒక్క ముక్కేనే!" అన్నాడు తండ్రి.

"నేనూ సగమే పెట్టాను," అన్నాడు తాతయ్య.

"అయ్యో, మీరిద్దరూ పెట్టారని నాకేం తెలుసు?" అంది నానమ్మ.

"నవ్వులాటగా ఉందా మీకు?" డాక్టరు గిన్నె పక్కన పెట్టేసింది. "మత్తులో వాంతయితే ఆ తిన్నదంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్ల ప్రాణం మీదికొస్తుంది. ఈ త్రేన్పు రాకపోయుంటే ఏం చేసేవారు?"

తల్లికి కోపం నెత్తికెక్కింది. ముగ్గురి వంకా చూసి పళ్ళు పటపట కొరికింది.

"అబ్బా!" అని దవడ పట్టుకుంది.

పక్కనే పనిముట్లు సర్దుకుంటున్న పళ్ళ డాక్టరు తలెత్తాడు. "పిల్లని వచ్చే వారం తీసుకురండి. ఎలాగూ కుర్చీ ఖాళీయే, మీరు కూర్చోండమ్మా. చూద్దాం."

"ఆవిడ కడుపు మాత్రం నిజంగా ఖాళీయే డాక్టరుగారూ," అన్నాడు భర్త, సాయం చేస్తున్నట్టు.

"ఏదీ, నోరు తెరవండి."

పొద్దున్నుంచీ ఇల్లంతా మోగిన ఆ నోరు మొట్టమొదటిసారి గట్టిగా మూసుకుంది.