వినకుండానే వర్గీకరణ

తానేమిటో తనకే తెలియని మనిషి, తన పాటేమిటో మరొకరికి ఎలా చెప్పగలడు? సంగీత వర్గీకరణ కార్యాలయంలో బెంచీ మీద కూర్చుని గాయకుడు తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది. జవాబు దొరకలేదు. టోకెన్ మాత్రం దొరికింది.

సంగీతానికి ఎల్లలు లేవని లోకం అంటుంది. లోకానికి తీరిక ఎక్కువ. కార్యాలయం మాత్రం సంగీతానికి ఉన్నవి పదకొండు గళ్లేనని ఎప్పుడో తేల్చేసింది. (పన్నెండోది ‘ఇతరములు’. అందులో జనం మరీ ఎక్కువైపోయారని దానికి తాళం వేశారు.) ఏ ఆల్బమ్ అయినా వీటిలో ఏదో ఒక్క గడిలో ఇమడాలి. ఇమిడినట్టు ధ్రువపత్రం ఉంటేనే పాటల యాప్ దాన్ని విడుదల చేస్తుంది. గాయకుడి ఆల్బమ్ రేపు విడుదల. ధ్రువపత్రం ఇంకా లేదు.

వాళ్లది ముగ్గురి రాక్ బృందం. పాడేది అతను, డ్రమ్స్ వాయించేది అతని చెల్లెలు, బేస్ గిటార్ ఆమె భర్తది. (మగవాళ్లిద్దరూ ఒకరినొకరు ‘బావా’ అనే పిలుచుకుంటారు కనుక, రికార్డింగులో తప్పు ఏ బావదో ఎన్నడూ తేలలేదు.) వాళ్ల ఆల్బమ్ రాక్‌గా మొదలై, జోలపాటలోకి జారి, ఊరేగింపు బ్యాండులా లేచి, చివరికి జాజ్‌లో తల వాలుస్తుంది. ఎందుకలా అంటే వాళ్లకూ తెలియదు. అలా కుదిరింది.

కుదరడానికి సగం కారణం గోడ. వాళ్లు అద్దెకు తీసుకున్న గదికి ఆనుకుని ఒక లాండ్రీ ఉంది. అందులోని పాత వాషింగ్ మెషీన్ తిరిగినప్పుడల్లా గోడ దడదడలాడి ఆ చప్పుడు ప్రతి పాటలోనూ పడేది. మొదట తిట్టుకున్నారు. తర్వాత చెల్లెలు ఆ దడకే డ్రమ్స్ వాయించడం మొదలుపెట్టింది. ఇంతలో మెకానిక్ వచ్చి మెషీన్ బాగుచేశాడు. పాట చచ్చిపోయింది. ఆమె పరిగెత్తుకెళ్లి, ఆ పాత కుదుపు మళ్లీ తెప్పించమని ప్రాధేయపడింది.

“బాగుచెయ్యమని బతిమాలేవాళ్లని చూశాగానీ, పాడుచెయ్యమని బతిమాలేవాళ్లని ఇప్పుడే చూడటం తల్లీ,” అని మెకానిక్ ఒక బోల్టు వదులు చేశాడు. వాద్యాల పట్టికలో వాషింగ్ మెషీన్ పేరు డ్రమ్స్ పక్కనే చేరింది.

బెంచీ మీద గాయకుడి పక్కనే కూర్చున్న బావ, అంటే చెల్లెలి భర్త, గొంతు సవరించుకున్నాడు. “ఇదే చెప్తున్నా బావా. ఇది రేపు రాకపోతే నా గిటార్ అటకెక్కుతుంది. మా అన్నయ్య టైర్ల షాపులో నాకోసం ఒక కుర్చీ ఎప్పట్నుంచో ఖాళీగా ఉంది.”

“నీకు టైరుకీ ట్యూబుకీ తేడా తెలుసా?” అంది చెల్లెలు.

“నేర్చుకుంటా. కనీసం టైరు ఏ గడిలో పడుతుందో ఎవరూ అడగరు.”

టోకెన్ పిలిచారు. కౌంటరులో వర్గీకరణాధికారి ఎంతో మర్యాదగా తలెత్తారు.

“ఏ గడి బాబూ?”

“ఒక్క గడిలో పట్టదండీ. మీరొక్కసారి వింటే...”

అధికారి ఉలిక్కిపడ్డారు. “అమ్మమ్మా! ఇక్కడ వినకూడదు,” అంటూ గోడ మీది పలకను చూపించారు. ‘వినుట వలన అభిప్రాయము కలుగును. అభిప్రాయము వలన నిష్పాక్షికత చెడును. అభిప్రాయము కలిగిన అధికారి ఈ కొలువుకు అనర్హుడు.’

“మరి ఎలా వర్గీకరిస్తారండీ?”

“అట్ట మీది బొమ్మ చూసి. జుట్టు పెంచితే రాక్. కళ్లు మూసుకుంటే విషాదం. మీ బొమ్మలో ఈ అమ్మాయి నవ్వుతోంది, ఆయన మండిపడుతున్నారు, మీరేమో ఏదో పోగొట్టుకున్నట్టున్నారు.”

“అది నా మామూలు మొహమండీ.”

“ఆ గడి లేదు.” ఆయన వేలు వాద్యాల పట్టిక మీదికి జారి ఆగింది. “వాషింగ్ మెషీనా? ఇది గృహోపకరణాల శాఖ కదా బాబూ!” పాపం, ఆయన మనసు మెత్తన. దరఖాస్తు ముందుకు జరిపి, పెన్ను తానే చేతికిచ్చారు. “ఒక పని చెయ్యండి. ఇందులో కలగలిసినవన్నీ కొట్టేసుకుంటూ పొండి, కొట్టేసినవి ఆల్బమ్‌లోనూ ఉండకూడదు. చివరికి మిగిలింది తప్పకుండా ఏదో ఒకటి అవుతుంది.”

ఇది కాదు, ఇది కాదు అని తీసేస్తూపోతే చివరికి మిగిలేదే సత్యమని గాయకుడు చదివిన పుస్తకాలు చెప్పాయి. వాటిని రాసినవాళ్లు ఇలాంటి కౌంటరు ముందు నిలబడి ఉండవచ్చని అతనికి మొదటిసారి తోచింది. జోలపాట కొట్టేశాడు. ఊరేగింపు కొట్టేశాడు. జాజ్ కొట్టేశాడు. వాషింగ్ మెషీన్ దగ్గర పెన్ను ఆగింది. చెల్లెలు కిటికీలోంచి బయటికి చూస్తోంది. అక్కడ చూడదగ్గదేమీ లేదు.

“అది కొట్టెయ్యకు బావా.” అన్నది బావే.

“టైర్ల షాపన్నావుగా?”

“పోతే పోతా. కానీ ఆ దడ లేని పాట నేను వాయించానని ఎవరికీ చెప్పను.”

గాయకుడు పెన్ను కింద పెట్టాడు. చెల్లెలి సంచిలోంచి స్పీకరు తీసి, కౌంటరు మీద పెట్టి, మీట నొక్కాడు. విడుదల ఒకరోజు ముందే జరిగిపోయింది.

స్పీకరులోంచి లాండ్రీ గోడ దడదడలాడింది. బెంచీల మీది తలలు ఒక్కొక్కటే లేచాయి. స్టాంపు వేసే గుమస్తా అదే దరువుకి స్టాంపులు వేయసాగాడు. అధికారి నిబంధన తప్పకుండా చెవులు మూసుకున్నారు. జోలపాట వచ్చేసరికి ఒక్క చెవే మూసుకున్నారు. (ఎన్ని చెవులన్నది పలక మీద లేదు.) ఊరేగింపు దగ్గర ఆయన రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి.

పాటలన్నీ అయిపోయాయి. బావ ఫోను తీసి, టైర్ల షాపులో ఆ కుర్చీ తనకు అక్కర్లేదని అన్నకు చెప్పేశాడు.

అధికారి కళ్లజోడు తుడుచుకున్నారు. ఒక కాగితం తీసి, తనకు అభిప్రాయము కలిగినదని, కనుక ఈ కొలువుకు అనర్హుడనని రాసి, సంతకం పెట్టి, స్టాంపు కూడా వేయించారు. తర్వాత కౌంటరు మూసి, సంచి భుజాన వేసుకుని, బావ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు.

“బాబూ, ఆ టైర్ల షాపు ఎటువైపు?”