నినాదం లేని కేక

పెద్ద అడవి ఒకటి ఉండేది. ఎంత పెద్దదంటే, దాని నడిమధ్య పెద్దకొండ మీద ఎవరు రాజ్యం చేస్తున్నారో అంచుల్లో ఉన్నవాళ్ళకు సరిగా తెలిసేది కాదు. తెలియకపోయినా గడ్డి మొలిచేది, చెట్లు చిగుళ్ళు వేసేవి.

ఆ అంచుల్లో ఒక ఊరు ఇప్పవాగు. వాగు ఒడ్డున చుక్కల దుప్పులు ఉండేవి. వాగు మీదికి వంగిన చెట్లలో కొండముచ్చులు ఉండేవి. పైవాళ్ళు సగం కొరికి పారేసిన చిగుళ్ళు కిందివాళ్ళు తినేవారు. పైవాళ్ళ కన్ను మంచిది, కిందివాళ్ళ ముక్కు మంచిది. చిరుతపులి వాసన తగిలితే దుప్పులు అరిచేవి, కొండముచ్చులు చెట్టెక్కేవి. చిరుతపులి కనిపిస్తే కొండముచ్చులు అరిచేవి, దుప్పులు పరుగెత్తేవి.

ఆ ఊరికి ఉన్న కట్టుబాటు అదొక్కటే. కేక వినపడితే ముందు పరుగెత్తాలి, తర్వాత అడగాలి. ఉత్త కేక అని తేలినా అరిచినవాళ్ళను తిట్టకూడదు. నిజం కేక అయినా దండలు వేయకూడదు. ఇది ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అమ్మలు చేశారు, కూతుళ్ళు చేస్తున్నారు.

ఒక ఏడాది పెద్దకొండ మీద రాజు పదవికి ఎన్నికలు వచ్చాయి. పోటీ సింహానికీ ఏనుగుకీ. ఇప్పవాగులో సింహాన్ని చూసినవాళ్ళు లేరు, ఏనుగును చూసినవాళ్ళూ లేరు. అందుచేత ఇద్దరి మీదా ఎవరికీ ఫిర్యాదు లేదు.

అప్పుడే జంబుకేశం అనే నక్క ఊళ్ళోకి దిగాడు. మెడలో కండువా, నోట్లో తియ్యటి మాట.

ఈయన సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, కథ హడావిడిలో పడి మరిచిపోతానేమో. జంబుకేశం సొంతంగా వేటాడి ఎరగడు. చిరుతపులి వెనక నడుస్తూ, అది తిని వదిలిన దాంతో బతికే కుటుంబం వాళ్ళది. ఇప్పవాగు కేకల పుణ్యమా అని ఆ ఏడాది చిరుతకు తిండి సరిగా దొరకలేదు. చిరుత ఒక పూట పస్తుంటే జంబుకేశం రెండు పూటలు పస్తు. ఈ కేకలు ఆపడం ఎలాగా అని ఆలోచించి ఆలోచించి, చివరికి రాజకీయాల్లోకి వచ్చాడు.

పొద్దున్నే దుప్పుల దగ్గరికి వెళ్ళాడు. దుప్పుల పెద్దను అందరూ కొమ్ములాయన అంటారు. ఆయనకు వినికిడి తక్కువ. పొగడ్త మాత్రం వాగు అవతల నుంచి అన్నా వినపడేది.

"అయ్యా, మీలాంటి వారు ఈ మూల పడి ఉండటమేమిటి?" అన్నాడు జంబుకేశం. "మొన్న కొలువులో సింహం గారు మీ ప్రస్తావన తెచ్చారు."

"నా ప్రస్తావనా? ఏమన్నారు?"

"ఇప్పవాగులో ఒకాయన ఉన్నాడట, ఆ కొమ్ములు ఒకసారి చూడాలి అన్నారు."

కొమ్ములాయన ఆ రోజంతా తల కాస్త పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు, కొమ్ములు నిండుగా కనపడేటట్టు.

ఆయన కోడలు బొట్లమ్మ. ఆ వారమే పిల్లను కన్నది. కాళ్ళు నిలవని ఆ కూనను వాగు పక్క పొడుగు గడ్డిలో పడుకోబెట్టి, చుట్టూ మేస్తూ ఉండేది. ఆమెకు ఒక సందేహం వచ్చింది.

"మామయ్యా, సింహం మనల్ని తింటాడు కదా?"

"తింటే తింటాడు. తిన్నా దర్జాగా తింటాడు. ఆ ఏనుగులాగా మనం మేసే గడ్డంతా తొక్కి పాడుచెయ్యడు," అన్నాడు కొమ్ములాయన.

సాయంత్రమయ్యేసరికి అదే జంబుకేశం కండువా తిరగేసి కప్పుకుని కొండముచ్చుల చెట్టు కింద తేలాడు. అక్కడి నాయకుడు గంతులయ్య. ఒక కొమ్మ మీద కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు గనక నాయకుడయ్యాడు.

"ఏనుగు గారు గెలిస్తే ఈ అడవి రూపమే మారిపోతుంది," అన్నాడు జంబుకేశం.

పైకొమ్మ మీద కావలి కూర్చునే ముసలావిడ తోకాయమ్మ కిందికి వంగింది. "ఏనుగు చెట్లు విరిచేస్తాడటగా నాయనా?"

"నువ్వుండు నాయనమ్మా!" అని గంతులయ్య కసిరాడు. "పాత చెట్లు విరిస్తేనే కదా కొత్తవి మొలిచేది!"

"అవి మొలిచేదాకా ఎక్కడ కూర్చుంటాంరా?"

దానికి గంతులయ్య ఇంకో కొమ్మ మీదికి గెంతాడు.

వాగులో ఉండే తాబేలు ఒడ్డుకు వచ్చి, "బాబూ, వాగు పూడిపోతోంది, ఎవరైనా దాని సంగతి..." అనబోయింది.

"అది మీ ఊరి గొడవ తాతా," అన్నాడు జంబుకేశం. "మేం అడవి మొత్తం గురించి మాట్లాడుతున్నాం."

తాబేలు మళ్ళీ బురదలోకి దిగిపోయింది. అంతకుముందు అది నీళ్ళలోకి దిగేది.

కొద్దిరోజుల్లోనే ఇప్పవాగు రెండు ఊళ్ళయింది. పైనుంచి చిగుళ్ళు రాలడం ఆగి, పుల్లలు రాలడం మొదలైంది. పిన్నీ, వదినా అని పిలుచుకున్నవాళ్ళు మీవాళ్ళూ మావాళ్ళూ అనుకుంటున్నారు. అయినా కేక వినపడితే మాత్రం అందరూ పరుగెత్తుతూనే ఉన్నారు. ఒళ్ళు మరిచిపోని అలవాటది. జంబుకేశం పొట్ట ఇంకా ఖాళీగానే ఉంది.

అప్పుడు ఆయన అసలు మాట బయటపెట్టాడు. ముందు దుప్పులకు చెప్పాడు.

"నిన్న మీ సభ మధ్యలో కొండముచ్చులు అరిచాయి. మీరంతా పరుగెత్తారు. చిరుత వచ్చిందా?"

"రాలేదు," అన్నాడు కొమ్ములాయన.

"మరి? మీ సభ చెడగొట్టడానికే ఆ కేక. సింహం గారి మనుషులు ఏనుగు వాళ్ళు అరిస్తే పరుగెత్తడమేమిటండీ, పరువు తక్కువ కాదూ?"

చెట్ల మీదికి వెళ్ళి అవే మాటలు, పేర్లు మార్చి చెప్పాడు.

రెండు పక్కలా తీర్మానం అయింది. ఇకనుంచి అరిచేవాళ్ళు ముందు తమ పార్టీ నినాదం చెప్పాలి, ఆ తర్వాతే కేక వెయ్యాలి. దుప్పులు 'గర్జన వర్ధిల్లాలి' అనాలి. కొండముచ్చులు 'ఘీంకారం వర్ధిల్లాలి' అనాలి. ఎవరి కేకకు వాళ్ళే పరుగెత్తాలి. అవతలివాళ్ళ కేకకు కదిలినవాళ్ళను ఒడ్డు మీద మేయనివ్వరు, చెట్టు మీద ఉండనివ్వరు.

ఆ మధ్యాహ్నం బొట్లమ్మ ఎవరూ చూడకుండా తోకాయమ్మ చెట్టు కిందికి వచ్చింది.

"పిన్నీ, నువ్వు అరిస్తే నేను పరుగెత్తాలా, వద్దా?"

"నన్నడుగుతావేమే, మీ మామను అడుగు."

"ఆయన వద్దంటాడు. నా బిడ్డ ఇంకా సరిగా లేవలేదు. నేను వెళ్ళి ముట్టెతో పొడిస్తే గానీ లేవదు. నీ కేక విని నేను కదలకపోతే దాని గతేమిటి?"

తోకాయమ్మ చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నా బాధ నాది తల్లీ," అంది. "ఈ నినాదమొకటి నా నోటికి రావడం లేదు. పొద్దున్నుంచీ అనుకుంటున్నాను. గర్జన... కాదు, అది మీది. ఘీం... ఘీం తర్వాత ఏదో ఉంది. మొన్న మనవరాలి పేరు కూడా తడుముకున్నాను. నినాదం తప్పితే కావలి తీసేస్తాడట మా గంతులయ్య. ఈ కొమ్మ దిగితే నేనిక దేనికి పనికొస్తాను?"

"ఘీంకారం వర్ధిల్లాలి, పిన్నీ."

"అదే, అదే. ఇంకోసారి చెప్పు."

అలా సింహం పార్టీ కోడలు ఏనుగు పార్టీ ముసలమ్మకు నినాదం వల్లె వేయించింది.

నాలుగు రోజులకు జంబుకేశం అనుకున్నది జరిగింది. చెట్టు మీద కుర్ర కొండముచ్చు ఒకడు చక్కగా నినాదం చెప్పి, ఆ వెనకే కేక వేశాడు. దుప్పులన్నీ తలెత్తి చూశాయి. "వాళ్ళదేలే," అన్నాడు కొమ్ములాయన. అందరూ మళ్ళీ తలలు దించారు. చిరుత వచ్చి ఒక దుప్పిని తీసుకుపోయింది. పోయింది కొమ్ములాయన తమ్ముడే.

జంబుకేశం పరామర్శకు వచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, పొట్ట నిండుగా ఉంది.

"చూశారా వాళ్ళ కుట్ర!" అన్నాడు. "మీరు నమ్మరని తెలిసే నిజం చెప్పారు."

కొమ్ములాయనకు అది ఎంతో లోతైన మాటగా తోచింది. బొట్లమ్మకు మాత్రం ఆ రోజు నుంచి మేత సహించలేదు.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. వాగు ఒడ్డున రెండు పార్టీలకూ కలిపి పెద్ద సభ పెట్టించాడు జంబుకేశం. ఎవరి వాదన వాళ్ళు వినిపించుకోవచ్చన్నాడు. చిరుతను ఏ పొద మాటున కూర్చోబెట్టాలో కూడా ఆయనే చూసి పెట్టాడు. ఆ పొద పొడుగు గడ్డికి ఆనుకునే ఉంది.

మిట్టమధ్యాహ్నం. దుప్పులు ఒక పక్క, చెట్లు దిగివచ్చిన కొండముచ్చులు ఒక పక్క. మధ్యలో బండ మీద జంబుకేశం.

"సోదరులారా! ఇవాళ అడవి ముందున్న ప్రశ్న ఒక్కటే..."

పైకొమ్మ మీద తోకాయమ్మ ఒక్కతే ఉంది. ఆమె ఉపన్యాసం వినడం లేదు, గడ్డి వైపు చూస్తోంది. గాలి లేదు. గడ్డి కదిలింది. బొట్లమ్మ కూన పడుకున్న చోటికి నాలుగు బారల దూరంలో చుక్కలు కనపడ్డాయి. కూన చుక్కలు తెల్లవి, ఇవి నల్లవి.

తోకాయమ్మ నోరు తెరిచింది.

నినాదం రాలేదు.

గర్జన కాదు. ఘీం... ఘీం తర్వాత? బొట్లమ్మ అన్నిసార్లు చెప్పిందే! ఎంత వెతుక్కున్నా ఆ మాట ఉండాల్సిన చోట ఏమీ లేదు. గడ్డి మళ్ళీ కదిలింది. తోకాయమ్మ గొంతులోంచి ఇక ఆగక, వాళ్ళమ్మ వేసిన కేక, వాళ్ళమ్మమ్మ వేసిన కేక, ముందూ వెనకా ఏమీ లేని ఉత్త కేక బయటికొచ్చింది.

ఇది ఎవరి కేక? దుప్పులు కొమ్ములాయన వైపు చూశాయి, కొండముచ్చులు గంతులయ్య వైపు చూశాయి. వాళ్ళిద్దరూ జంబుకేశం వైపు చూశారు. పార్టీ లేని కేకకు ఏం చెయ్యాలో తీర్మానంలో లేదు.

బొట్లమ్మ ఎవరి వైపూ చూడలేదు. ఒక్క దూకుతో గడ్డిలోకి వెళ్ళి ముట్టెతో కూనను పొడిచింది. కూన లేచింది, తూలింది, తల్లి వెనకే దూకింది. తల్లీ బిడ్డా పరుగెత్తడం చూసి మిగతా కాళ్ళకు పాత అలవాటు గుర్తొచ్చింది. దుప్పులన్నీ కదిలాయి. కొండముచ్చులన్నీ చెట్టెక్కాయి. అందరికంటే ముందు పరుగెత్తింది కొమ్ములాయనే అని తర్వాత చెప్పుకున్నారు.

"ఆగండి! ఆగండి!" అని బండ మీద జంబుకేశం గొంతు చించుకున్నాడు. "ఏ పార్టీ కేక అది? నినాదం లేని కేక చెల్లదు! క్రమశిక్షణ ఉండాలి!"

ఒడ్డంతా ఖాళీ అయింది. ఆకలితో ఉన్న చిరుత గడ్డిలోంచి లేచి చుట్టూ చూసింది. బండ మీద ఒక్కడే కనిపించాడు.

"అయ్యా, నేను మీ మనిషిని," అన్నాడు జంబుకేశం.

"మనిషివో నక్కవో, దొరికావు," అంది చిరుత.

ప్రాణం దక్కింది గానీ తోక సగమే దక్కింది. ఆ సగం తోకతోనే పెద్దకొండ దాకా పరుగెత్తాడు. ఇప్పవాగులో పార్టీ కోసం తోక త్యాగం చేశానని సింహం దగ్గర చెప్పాడు, ఏనుగు దగ్గరా చెప్పాడు. ఇద్దరూ సన్మానం చేశారు.

ఇక్కడ గంతులయ్య తోకాయమ్మ మీద ఎగిరిపడ్డాడు. "నినాదం ఎందుకు చెప్పలేదు నాయనమ్మా? నిన్ను కావలి నుంచి తీసెయ్యాలా వద్దా?"

తోకాయమ్మ తల దించుకుంది. "మరిచిపోయాన్రా. పాడు మతి."

కింద నుంచి బొట్లమ్మ గట్టిగా అంది. "మా పిన్నిని తీసేస్తే నేనే చెట్టెక్కి కూర్చుంటాను. దుప్పిని చెట్టెక్కించిన నాయకుడని నీకు పేరొస్తుంది, చూసుకో!"

చెట్టంతా నవ్వింది. ఒడ్డు మీద కొమ్ములాయన కూడా నవ్వబోయి, తమ్ముడు గుర్తొచ్చి ఆగిపోయాడు. కాసేపటికి తలెత్తి, "అమ్మా తోకాయమ్మా, ఆ మరిచిపోయే విద్యేదో మాకూ కాస్త నేర్పకూడదూ?" అన్నాడు.

తీర్మానాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు. రద్దు చెయ్యాలంటే మళ్ళీ సభ పెట్టాలి. ఒకరి తర్వాత ఒకరు ఆ నినాదం మరిచిపోయారు, అంతే. చెట్ల మీది నుంచి మళ్ళీ చిగుళ్ళు రాలాయి. ఒకనాడు ఎవరూ చెప్పకుండానే నలుగురు కలిసి వాగులో పూడిక తీశారు, తాబేలుకు నీళ్ళు అందాయి. ఎన్నికల్లో ఎవరో ఒకరు గెలిచారు. గెలిచినాయన ఇప్పటిదాకా ఇప్పవాగు వైపు రాలేదు, ఊరి అదృష్టం.

నీతి: జ్ఞాపకశక్తి మంచిదే గానీ, నినాదాల విషయంలో కాస్త మతిమరుపు ఉంటే ప్రాణాలకు మంచిది.