రెండు పాస్‌పోర్టులవాడి రాజభోగం

మీకు ప్రభుత్వం సెక్యూరిటీ క్లియరెన్సు ఇచ్చేసిందా? అయ్యో పాపం! ఇక మిమ్మల్ని పట్టించుకునే నాథుడుండడు.

నా అదృష్టం చూడండి. నాకు రెండు పౌరసత్వాలు. లండన్‌లో పుట్టినందుకు బ్రిటన్‌ది, టొరంటోలో ఏళ్ల తరబడి మంచు ఎత్తిపోసినందుకు కెనడాది. మొహం మాత్రం అచ్చం తెనాలిది. ఈ మూడూ కలిపి చూసేసరికి సౌదీలోని జుబైల్‌లో నేను పనిచేసే సర్కారు ప్లాంటు సెక్యూరిటీవారికి కళ్లు తిరిగాయి. రేపు యుద్ధమొస్తే ఈ ఇంజనీరు ఎవరి వైపు? లండన్‌కూ టొరంటోకూ యుద్ధమెందుకొస్తుందని నేను అడగలేదు. పెద్దల ఆలోచన పెద్దలది. ఫైలు పైకి వెళ్లింది. ఇంకా పైనే ఉంది.

క్లియరెన్సు లేనివాడు ప్లాంటులో ఒంటరిగా తిరగకూడదు, క్లియరెన్సు ఉన్నవాడొకడు వెంట ఉండాలని రూలు. అంత నమ్మకస్తుడు మా జట్టులో ఎవరా అని వెతికితే ఎల్లన్న ఒక్కడే దొరికాడు. జగిత్యాల పక్క పల్లె, పరంజా కట్టే పని, ఒకే దేశం, ఒకే పాస్‌పోర్టు. అనుమానించడానికి ఏమీ లేక అతనికి చటుక్కున క్లియరెన్సు ఇచ్చేశారు.

ఇక నా వైభోగం ఏమని చెప్పను! నేను వాల్వును చూస్తే ఎల్లన్న నన్ను చూస్తాడు. నేను టీ తాగితే పక్కన నిలబడతాడు. బాత్రూంకెళితే తలుపు బయట కాపలా ఉంటాడు. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ కూడా నన్నింతగా కనిపెట్టుకుని ఉండలేదు. నమ్మకస్తులకు దక్కుతుందా ఈ భాగ్యం?

పైగా సెలవు రోజున కారెక్కి, సముద్రం మీది వంతెన దాటి, బహ్రెయిన్‌లో చేపల పులుసు తినొస్తాను. నాది బిజినెస్ వీసా, ఎవర్నీ అడగక్కర్లేదు; ఎల్లన్నలా కూలి వీసా మీద వచ్చినవాళ్లయితే కంపెనీ ఒప్పుకుంటేనే దేశం దాటాలి. దేశాన్ని ముంచుతానేమోనని భయపడేవాళ్లే నన్ను దేశం దాటకుండా ఆపరు.

మొన్న ఎల్లన్న లీవడిగాడు. ఊళ్లో భార్య ముత్తవ్వకు కడుపులో గడ్డ. వెంటనే తీసేయాలని డాక్టరు చెప్పాడట. మొగుడొస్తేనే ఆపరేషన్ బల్ల ఎక్కుతానని ఆమె మొండికేసింది.

క్యాంపు ఆఫీసులో సుభాన్ అని హైదరాబాదు మనిషి ఉన్నాడు. మంచివాడే, మెత్తగా చెప్పాడు. "నువ్వు భరోసా ఉన్న మనిషివి ఎల్లన్నా. నువ్వు పోతే సార్‌ను లోపల ఎవరు తిప్పుతరు? సార్ క్లియరెన్సు రానీ, అప్పుడు పో."

అంటే నా రెండు దేశాలూ వెళ్లి ముత్తవ్వ కడుపు మీద కూర్చున్నాయన్నమాట. నేను గేటు బయటే ఉంటాను, అతణ్ని పంపండన్నాను. ప్లాంటు ఆపి చేస్తున్న షట్‌డౌన్ మరమ్మతు పని ఆగుతుందన్నారు.

చూశారా, నమ్మకం ఎంత ప్రమాదమో! నమ్మనివాణ్ని లోపలికి పోనివ్వరు, నమ్మినవాణ్ని బయటికి పోనివ్వరు. నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు నేను సలహాలిస్తాను. నిన్న బాత్రూంలోంచే ఒకటిచ్చాను.

"ఎల్లన్నా, నువ్వూ ఎక్కడో ఒకచోట ఇంకో దేశం సంపాదించు. నీ మీద కాస్త అనుమానం పుడితే నిన్నూ ఆపరు."



"ఉన్న ఒక్క దేశానికే పోనిస్తలేరు సార్," అన్నాడు తలుపవతల నుంచి. "రెండోది తెచ్చుకోని ఏం జేసుకోవాలె?"