పదకొండు సాయంత్రముల తుమ్ము

సూర్యభగవానుడు దినమంతయు మేడలమీదను, డాబాలమీదను, ఆరవేసిన దుప్పట్లమీదను ప్రతాపము చూపి చూపి అలసి, నీళ్ల ట్యాంకుల వెనుకకు మెల్లగా జారుకొనుచుండగా, పాలప్యాకెట్లు చేతబట్టిన గృహస్థులు మెట్లెక్కుచుండగా, ఇంటింట కుక్కరులు రణశంఖములవలె ఈలలు పూరించుచుండగా, ఆరు గంటలకు ఇంకను రెండు నిమిషములుండగా, ఒకానొక భవనపు మూడవ యంతస్తున, లిఫ్టున కెదురుగానున్న యింట, అరువదియొక్క మెట్ల కీబోర్డు ముందర, లోకమెరుగని యొక మహాసంగ్రామమునకు రంగము సిద్ధమగుచుండెను. ఓ వినువారలారా! చేతనున్న ఫోను కాసేపు బోర్లించి వినుడు. ఇందు రక్తపాతము లేదు గాని కషాయపానము కలదు.

ఈ కథకు నాయిక నవవర్షప్రాయ, జడద్వయశోభిత, పెన్సిలుచర్వణనిపుణ, ఊడిన పంటి సందునుండి ఈల వేయగల ప్రజ్ఞావతి. ఇంటిల్లిపాదియు నామెను ‘ఉడత’ యని పిలుతురు. ప్రతిపక్షమున నిలిచినది వేరెవరో కాదు, ఆమెను కన్నతల్లియే: ఫ్రిజ్జుకవాటవిరాజమానవారకార్యక్రమపట్టికాధీశ్వరి. ఆ పట్టికలో సోమవారము ఈత కలదు, బుధవారము చిత్రలేఖనము కలదు, శనివారము చేతివ్రాత కలదు, ఏడు దినములును ఆరునుండి ఆరున్నర వరకు సంగీతము కలదు. ఆడుకొనుటకు గడి లేదు. ఇక మూడవవాడు మాతామహుడు. కర్మాగారమున ముప్పదియేండ్లు షిఫ్టుగంట కొట్టి, ఇంటికి వచ్చిన పిమ్మట కొట్టుటకు గంట లేక, ప్రతి చిన్నవిషయమునకును సమయము చెప్పుచు కాలము వెళ్లబుచ్చు మహానుభావుడు. పిల్ల తండ్రి ఆ వేళకు ఆఫీసునందే యుండును. అదృష్టవంతుడు.

వీధిచివర, దర్జీదుకాణము పైన, ఆ పేటలోని పిల్లలందఱకు సంగీతము పట్టించు మాస్టారు గలడు. ఆయన చేతి యెఱ్ఱకలము టిక్కు పెట్టిననే గాని యే పిల్లయు తరువాతి పాఠమునకు కదలరాదు. ఆ సంగీతశాలలో కన్నులు తెరచియే నిద్రించు విద్యను సాధించిన శూరుడొకడు, ఫ్యాను చప్పుడునకు శ్రుతి కలిపి కూనిరాగము తీయు కన్య యొకతె, దిగువనున్న కుట్టుమిషను తాళమునకు పాదము కదలించుచు కాలము గడుపు కవలలిద్దఱు, ఇట్లు ఎవరి దారి వారు వెదకికొనిరి. సంగీతము మాత్రము ఏ పిల్లజోలికిని పోక, పుస్తకమున భద్రముగా నుండెను.

ఉడత రెండు నెలలనుండి ఏడవ పాఠమున చిక్కుకొని యుండెను. చేతగాక కాదు. పాఠము ముగిసిన చోట ముగింపక, తనకు తోచిన నాలుగు స్వరములు తగిలించుట ఆమె నేరము.

“పుస్తకంలో ఉన్నది వాయించమ్మా, లేనిది కాదు,” అని మాస్టారు కలమునకు మూత పెట్టుకొనును.

ఎదురింటి పిల్ల పదునైదవ పాఠమునకు చేరినదను వార్త జనని చెవి సోకినంతనే, ఆ యింట అత్యవసరపరిస్థితి ప్రకటింపబడెను. ప్రతిదినము అరగంట సాధన చేయవలె. శబ్దము వంటింటికి వినబడవలె. దానిని రికార్డు చేసి మాస్టారికి పంపవలె. తాతగారు టీవీలో వార్తలు వినుచుందురు గావున తలుపు మూసికొనుట కనుమతి దొరకెను. కోటగోడలో ఈ యొక్క రంధ్రము చాలును గదా!

ఏలయనగా ఉడత మనసున అప్పటికే యొక పాట పుట్టియుండెను. అది లిఫ్టు పాట. ఒక్కొక్క యంతస్తునకు ఒక్కొక్క మెట్టు పైకెక్కుచు, రెండవ యంతస్తు దాటినంతనే మూల్గి, వణకి, మూడవదానికి చేరును. ఎక్కుట వచ్చినది, దిగుట రాలేదు. దానిని క్రిందికి దింపు దారి వెదకుట తప్ప ఆ పిల్లకు లోకమున వేఱు కోరిక లేదు. అందులకు కావలసినది కొంత సమయము, పట్టికలో లేని సమయము.

కావున నొక సాయంత్రము ఏడవ పాఠమును బుద్ధిమంతురాలివలె అరగంట వాయించి, తాతగారి పాతఫోనులో రికార్డు చేసికొనెను. నడుమ నొక తుమ్ము వచ్చెను. దానిని తీసివేయుట ఆమెకు రాలేదు, అవసరమనియు తోచలేదు. మరునాటినుండి ఆరు గంటలకు తలుపు మూయుట, ఆ రికార్డును చిన్న స్పీకరులో వినిపించుట, కీబోర్డునకు హెడ్‌ఫోన్లు తగిలించి, లోకమునకు వినబడని తన లిఫ్టును పైకి క్రిందికి నడపుట, సాధన ముగియగానే ఆ రికార్డునే మాస్టారికి పంపుట, ఇది ఆమె యుద్ధతంత్రము.

ఆహా! ఇప్పుడు పెద్దల శ్రవణమహిమ వర్ణింప నెవ్వరి తరము? మొదటి దినమున మాస్టారు “పర్వాలేదు” అని వ్రాసెను. రెండవ దినమున “నిన్నటి కంటే మెరుగు” అనెను. అయిదవ దినమున “వేళ్ల పట్టు కుదిరింది” అనెను, స్పీకరునకు వేళ్లెక్కడివో ఆయనకే యెరుక. తొమ్మిదవ దినమున “ఇప్పుడు భావం వచ్చింది!” అని ఆశ్చర్యార్థకము తోడ పంపెను. వంటింట పోపు వేయుచు జనని “నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా!” అని నిత్యము మురిసిపోవుచుండెను.

తాతగారొక్కరు మాత్రము మూడవ దినమున గడియారమువంక చూచి కనుబొమలు ముడిచిరి.

“అమ్మాయ్, పిల్ల రోజూ సరిగ్గా ఆరూ పద్నాలుగుకి తుమ్ముతోందే. జలుబు చేసిందేమో చూడు.”

అంతే! జనని వంటింట కషాయము కాచెను. అది నల్లగా, చిక్కగా, గిన్నె అడుగును గూడ కొఱికివేయునంత చేదుగా నుండెను. అయినను నాలుగవ దినమున పిల్ల మరల ఆరు పదునాలుగుకే తుమ్మెను. కషాయము రెండు గరిటెలాయెను. ఏడవ దినమున మూడాయెను. మొండి జలుబని తల్లి పట్టుదల పెంచెను. తుమ్ము తన సమయము తప్పలేదు.

నిజము చెప్పినచో కషాయము తప్పును, కాని పాట పోవును. పాట నిలుపుకొనినచో కషాయము తప్పదు. ఈ సంకటమున నిలిచి, గరిటె నోటికి సమీపించుచుండగా, ఆ వీరబాల మనమున నిట్లు గర్జించెను: “ఓరి కటుకషాయాధమా! నీవు నా నాలుకను దగ్ధము చేయుదువు గాక, నా కంఠమును కాల్తువు గాక, నా నోట సత్యమును మాత్రము రప్పింపజాలవు! త్రిగరిటెప్రమాణమగు నీ విషమును మ్రింగి, త్రింశన్నిమిషపరిమితమగు నా రాజ్యమును నేనేలెదను గాక!”

పైకి మాత్రము “కొంచెం తక్కువ పొయ్యమ్మా,” అనెను.

పదకొండవ దినమున జనని వ్యూహము మార్చి, తుమ్మునకు ముందుగానే మందు పడవలెనని, ఆరుకు అయిదు నిమిషములుండగా నాలుగు గరిటెలు పోసెను. ఉడత గదిలోనికి పోయి, తలుపు మూసి, రికార్డు పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకొనెను. కాని ఆ చేదు దిగదు. మంచినీళ్లకు దిగలేదు, ఉమ్మికి దిగలేదు. పన్నెండు నిమిషములు పళ్లబిగువున ఓర్చి, పదుమూడవ నిమిషమున, హెడ్‌ఫోన్లు కీబోర్డుమీద పడవైచి, సర్వము మఱచి, చక్కెర డబ్బాకై వంటింటిలోనికి పరుగెత్తెను.

జనని అటు తిరిగి కూర కలియబెట్టుచుండెను. గదినుండి ఏడవ పాఠము నిరాఘాటముగా వచ్చుచుండెను. వెనుక డబ్బామూత చప్పుడైనది. ఆమె తిరిగి చూడకయే, పక్కన నిలిచిన కూతురితో పరధ్యానమున నిట్లనెను:

“ఇవాళ నిన్నటి కంటే బాగుందే. ఆపకు, అలాగే వాయించు.”

“సరేనమ్మా,” అనెను ఉడత, నోటినిండ చక్కెరతో.

గరిటె ఆగెను. జనని తిరిగి చూచెను. కూతురు ఎదుట నున్నది. సంగీతము గదిలో నున్నది. ఆ మహాక్షణమున మూసిన తలుపు వెనుకనుండి దిక్కులు పిక్కటిల్ల “హాచ్చ్!” అను శబ్దము వెలువడెను.

“ఆరూ పద్నాలుగు,” అనిరి హాలునుండి తాతగారు.

వెంటనే తలుపు తెఱవబడెను, స్పీకరు బందీయయ్యెను. కూర మాడువాసన నడుమ జనని ప్రళయకాలమేఘమువలె గర్జించెను: “ఓసి కపటనాటకసూత్రధారిణీ! కన్నతల్లి కర్ణములను వంచించి, యంత్రమును నీ స్థానమున నిలిపి, పదకొండు సాయంత్రములు నన్ను వెఱ్ఱిదానిని గావించితివా! ఇదిగో వినుము నా శాసనము!” ఇది ఆమె చూపుల కర్థము. నోట వచ్చిన మాట యింతే.

“రేపట్నుంచి తలుపు తీసే ఉంటుంది. స్టూలు వేసుకుని నీ పక్కనే కూర్చుంటా.”

కొట్టినను ఉడత ఏడ్చియుండెడిది కాదు. పక్కన స్టూలు వేసికొని తల్లి కూర్చున్నచోట లిఫ్టు కదలునా? కన్నీరు చక్కెరమీదుగా కారెను. అది చూచియు చూడనట్లు, తల్లి మాస్టారికి ఫోను చేసి స్పీకరులో పెట్టెను.

“మాస్టారూ, చూశారా ఇది చేసిన పని! ఇన్ని రోజులూ ఒకటే రికార్డింగు పంపిందండీ మీకు!”

అవతల కుట్టుమిషను చప్పుడు మాత్రము వినబడెను. అపుడు ఉడత ముక్కు తుడుచుకొని, ఫోను దగ్గఱకు జరిగి, ఎంతో వినయముగా నడిగెను:

“మాస్టారూ, తొమ్మిదో రోజు భావం వచ్చిందన్నారు కదండీ. మొదటి రోజు ఎక్కడికెళ్లిందండీ?”

“అంటే... అదేంటంటేనమ్మా... పిల్లకి ఏకాగ్రత ఉందండీ,” అనెను మాస్టారు, “ఏడో పాఠానికి టిక్కు పెట్టేశాననుకోండి. క్లాసుకి టైమైంది, ఉంటానండీ.”

రెండు నెలలు రాని టిక్కు రెండు క్షణములలో వచ్చెను. తల్లి ఫోనువంక చూచుచుండిపోయెను.

“అమ్మా, నువ్వు కూడా రోజూ నిన్నటి కంటే బాగుందన్నావు,” అనెను ఉడత, ఈసారి మెల్లగా.

“పోపు వేస్తూ విన్నానే...” అని తల్లి సగములో ఆపెను. ఆమెకు సిగ్గు వేసెను, కోపముకన్న నెక్కువగా.

తాతగారు గొంతు సవరించిరి. “పాట ఎవరూ వినలేదే అమ్మాయ్. అందరం విన్నది తుమ్మొక్కటే.”

తల్లి కీబోర్డు పక్కన స్టూలుమీద కూలబడి, “మరి ఇన్నాళ్లూ లోపల ఏం చేశావ్?” అని యడిగెను. ఉడత కీబోర్డునుండి హెడ్‌ఫోన్ల తీగ పీకివేసెను. లిఫ్టు బయలుదేరెను: ఒకటవ యంతస్తు, రెండవ యంతస్తు, మూల్గు, వణకు, అంతలో ధడధడమని అడుగుమెట్లమీద ఆఱు దెబ్బలు.

“అదేంటి?”

“పోయిన నెల నువ్వు లిఫ్టులో ఇరుక్కుపోయి తలుపు బాదావు కదా. అది నువ్వే.”

తల్లికి నవ్వు వచ్చెను. ఆపుకొనజూచెను, ఆగలేదు, కన్నులు చెమర్చువరకు నవ్వెను. తన్ను పాటలో పెట్టిన వారు ఇంతకు పూర్వ మెవ్వరును లేరు. ఆమెకు లోపల నెంతో సంతోషమాయెను. కాని పట్టికాధీశ్వరి యెంతసేపు నిద్రించును?

“ఒసేయ్, ఇది భలే ఉందే! రికార్డ్ చేసి పోటీకి పంపుదామా? ఆదివారం పొద్దున ఖాళీనే ఉంది, పాటలు కట్టడం నేర్పే క్లాసు ఏదైనా ఉందేమో కనుక్కుంటా...”

“వద్దు!” అనెను ఉడత.

వినువారలారా, ఆ యింట ఆ మాట అంత గట్టిగా అంతకుముందు పలికినవారు లేరు. ఫ్రిజ్జుమీది పట్టిక గూడ ఒక్కపరి రెపరెపలాడెను, ఫ్యానుగాలికే యనుకొందము. తల్లి నోరు తెఱచెను. తాతగారు లేచి నిలబడి, షిఫ్టుగంట కొట్టిననాటి కంఠముతో సంధి ప్రకటించిరి:

“ఆరు నుంచి ఆరూ ఇరవై ఐదు దాకా మాస్టారి పాఠం, నిజంగా వాయించాలి. ఆరూ ఇరవై ఐదు నుంచి ఆరున్నర దాకా పిల్లది. తలుపు మూసుంటుంది. రికార్డింగులు లేవు, టిక్కులు లేవు. నిన్నటి కంటే బాగుందని ఎవరూ అనకూడదు. టైము నేను చూస్తా.”

మరునాడు ఆరు గంటల ఇరువదియేడు నిమిషములకు, ఉడత తన లిఫ్టును మూడవ యంతస్తునుండి అతికష్టమున ఒక్క యంతస్తు క్రిందికి దింపినది. ఆ ఉత్సాహమున నిజముగానే, రికార్డు సహాయము లేకయే, తుమ్మెను.

వంటింట జనని చేయి అలవాటు చొప్పున కషాయపు గిన్నెమీదికి పోయెను. నాలుగు గరిటెలు గ్లాసులో పోసికొని, పెద్ద అంగలతో నడచివచ్చి, మూసిన తలుపుముందర నిలిచెను. పిడిమీద చేయి వేసెను. లోపల లిఫ్టు మరల మొదటినుండి ఎక్కుచుండెను.

“ఇంకా మూడు నిమిషాలుంది,” అనిరి తాతగారు, పత్రికనుండి తల యెత్తకయే.

ఆమె పిడి విడిచెను. “నిన్నటి కంటే...” అను మాట పెదవులదాక వచ్చినది, పంటితో నొక్కి పట్టెను. కాచిన కషాయము పారబోయుట కామెకు మనసొప్పదు. అటునిటు చూచి, అక్కడనే నిలిచి, తానే గటగట త్రాగివేసెను. ముఖము చిట్లించెను, కన్నుల నీరు తిరిగెను. తిన్నగా పోయి చక్కెర డబ్బా మూత తీసెను.

మ్రోగుగాక విజయదుందుభులు! త్రింశన్నిమిషములలో పంచనిమిషమాత్రరాజ్యమునకు ఉడత పట్టాభిషిక్తురాలయ్యెను. సమస్త పేటలును వినుగాక: ఆ సాయంత్రము మూడవ యంతస్తున నొక పిల్ల తుమ్మినది, తలుపు తెఱచుకొనలేదు.