పదిహేడో పొట్లం

కొండ కింద కాలనీలో, సరిగ్గా మా అక్క వంటింటి అడుగున, టన్ను రాతికి ఇరవై రెండున్నర గ్రాముల చొప్పున బంగారం ఉన్నట్టు శుక్రవారం ఉదయం పదకొండున్నరకి బయటపడింది.

పన్నెండు కొట్టకముందే గనుల మంత్రిగారు దాన్ని జాతికి అంకితం చేసేశారు. అప్పటికి ఆ బంగారాన్ని ఎవరూ కళ్లతో చూడలేదు. ఆయన దూరదృష్టి గురించి ఇక వేరే చెప్పాలా?

అది మా అక్క వంటింటి కింద ఉందని తేల్చింది మాత్రం నేనే. ఖనిజ పరిశోధన సంస్థలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. మ్యాపులు గీస్తాను. అంతకు మించి నాకే పాపమూ తెలియదు.

మా వాళ్లు కొండ చుట్టూ తిరిగి రాళ్లు ఏరుకొచ్చారు. వాటిని పిండి కొట్టి, ఇరవై పొట్లాలు కట్టి, వరసగా నెంబర్లు వేసి ల్యాబుకి పంపారు. ఏ పొట్లం ఎక్కడిదో ల్యాబుకి చెప్పరు. చెబితే పక్షపాతం వస్తుందట. పంతొమ్మిది పొట్లాల్లో సున్నా వచ్చింది. పదిహేడో పొట్లంలో ఇరవై రెండున్నర. టన్నుకి రెండు గ్రాములుంటేనే గనులవాళ్లు ఎగిరి గంతేస్తారు.

డైరెక్టరుగారు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా నా బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చారు.

"పదిహేడు ఎక్కడిదయ్యా? మ్యాపులో చుక్క పెట్టు. మంత్రిగారు ఫోన్లో ఉన్నారు!"

రాళ్లు ఎక్కడెక్కడ ఏరారో రాసుకున్న పుస్తకం తెరిచాను. పదహారు ఉంది. దాని కింద పద్దెనిమిది ఉంది.

"పదిహేడు లేదండీ."

"లేకపోవడమేంటి? ఫలితం వచ్చిందిగా!"

"పుస్తకంలో లేదండీ."

"ఎండకి రాయడం మర్చిపోయుంటాడు."

రాయాల్సిన జియాలజిస్టు కీళ్ల నొప్పులకి సెలవు పెట్టి, ఫోను కట్టేసి పడుకున్నాడు.

"పదహారు తర్వాత ఏమొస్తుంది?" అన్నారు డైరెక్టరుగారు.

"పదిహేడండీ."

"పద్దెనిమిదికి ముందు?"

"అప్పుడూ పదిహేడేనండీ."

"మరి అదెక్కడుండాలి?"

"మధ్యలోనండీ."

"సైన్సంటే అదేనయ్యా!"

స్కేలు పెట్టాను. పదహారు కాలనీ కుళాయి దగ్గర. పద్దెనిమిది కాలనీ వెనక ప్రహరీ దగ్గర. సరిగ్గా మధ్యలో మూడో వరస, రెండో ఇల్లు. ఆ ఇంటి ప్లాను గీసింది కూడా నేనే. చుక్క పొయ్యి మీద పడింది.

"సార్, ఇది మా అక్క వంటిల్లండీ."

"అలాగా? మీ అక్కగారికి నా అభినందనలు," అని ఆయన మ్యాపు లాక్కుపోయారు.

ఆయన వెనకే క్వాలిటీ మాస్టారు వచ్చారు. వరండా చివరి గదిలో కూర్చునే పెద్దాయన. ఆయన ఉద్యోగం ఏమిటో అడిగినవాళ్లూ లేరు, తెలిసినవాళ్లూ లేరు.

"సరిగ్గా ఇరవై రెండున్నరేనా?" అని అడిగారు.

"అవునండీ."

"మీద కాదు, కింద కాదు?"

"కాదండీ."

ఆయన కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయారు. ఆఫీసులో దేశభక్తి ఇంత ఉందని నాకు అంతవరకూ తెలియదు.

సాయంత్రం విలేకరుల సమావేశం పెట్టారు. మంత్రిగారి వెనక గోడకి నా మ్యాపు. నా చుక్కని గుమ్మడికాయంత చేసి పసుపు రంగు పూశారు.

ఒక విలేకరి లేచాడు. "మిగతా పంతొమ్మిది చోట్లా సున్నా వచ్చిందట కదండీ?"

"వచ్చింది. బంగారం అన్నిచోట్లా ఉంటే దాన్ని బంగారం అంటారా బాబూ? మట్టి అంటారు."

హాలంతా చప్పట్లు.

"అక్కడ నలభై ఇళ్లున్నాయి కదా?"

"నలభై ఇళ్లు కాదు, నలభై త్యాగాలు. ముందు ఒక వంటింట్లో రంధ్రం వేస్తాం. బంగారం తేలగానే కాలనీ ఖాళీ చేయిస్తాం. ఆ తల్లులు ఆనందంతో కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. నేను చూశాను."

అప్పటికి ఆయన కాలనీకి వెళ్లలేదు. కార్లోంచే చూసి ఉంటారు.

నేను వెళ్లేసరికి మా అక్క గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కన్నీళ్లేమీ లేవు.

"చుక్క పెట్టింది నువ్వేనటగా?"

"సైన్సు పెట్టిందక్కా."

"నా పొయ్యి మీద పెట్టమని సైన్సు చెప్పిందా? కాస్త పక్కకి జరపరా."

"ఎటు జరిపినా ఎవరో ఒకరి ఇల్లే."

"అయితే మీ ఆఫీసు మీదికి జరుపు."

మా బావ మంచం మీద కూర్చుని చెప్పుల బెల్టు కుట్టుకుంటున్నాడు. బస్సు డిపోలో మెకానిక్కు. ఆ ఇంటి గోడలు తనే సొంతంగా కట్టుకున్నాడు. ఒక్కటే మాటన్నాడు. "బావమరిదీ, పదకొండేళ్లు పట్టింది ఈ ఇల్లు లేవడానికి. నీకు చుక్క పెట్టడానికి ఎంతసేపు పట్టింది?"

రెండు నిమిషాలని చెబితే బాగోదు.

సోమవారం మంత్రిగారు మళ్లీ ఒకసారి పరీక్ష చెయ్యమన్నారు. తొందరపాటు ఆయనకి గిట్టదు. స్వయంగా ల్యాబులోకి వచ్చి, మిగిలిన పదిహేడో పొట్లాన్ని తన ఎదుటే కొలిమిలో పెట్టించారు.

"ఎంత రావాలి?" అని పైకే అడిగారు.

"ఇరవై రెండున్నరండీ," అన్నారు డైరెక్టరుగారు, అంతకన్నా గట్టిగా.

కెమిస్టు తల ఊపాడు. ఎంత రావాలో ముందే తెలిసింది కనక, ఈసారి పని చాలా త్వరగా అయిపోయింది. ఇరవై రెండున్నరే వచ్చింది. ఫొటోలు తీశారు.

మంగళవారం అక్క పొయ్యి తీసి వీధిలో పెట్టారు. పొయ్యి ఉన్నచోట రంధ్రం వేసే రిగ్గు నిలబెట్టారు. అది తిరగడం మొదలెట్టగానే అటక మీద గిన్నెలన్నీ ఒక్కొక్కటే దిగొచ్చాయి.

మంత్రిగారు మా అక్కకి నమస్కారం పెట్టారు. "ఇన్నాళ్లూ బంగారం మీద వండావమ్మా!"

"ఇప్పుడు దేని మీద వండమంటారు?"

"దేశం మొత్తం నీ వంటిల్లేనమ్మా."

"అయితే మీ ఇంటికొస్తాను. పొయ్యి ఏ పక్కనుంది?"

మంత్రిగారు చాలా సేపు నవ్వి, వేగంగా కారెక్కారు.

అరవై మీటర్ల లోతు నుంచి రాతి కడ్డీలు తీశారు. అన్నిటినీ పిండి కొట్టి పరీక్షించారు. బుధవారం ఫలితం వచ్చింది. సున్నా.

ఇంకొకరైతే డీలా పడేవారు. మంత్రిగారు పడలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని డైరెక్టరుగారిని ఒకే ప్రశ్న వేశారు.

"సోమవారం ఉన్న బంగారం బుధవారానికి లేదు. దీన్ని మామూలు భాషలో ఏమంటారు?"

"పొరపాటండీ?"

"దొంగతనం!"

డైరెక్టరుగారి ముఖం వెలిగిపోయింది. శాస్త్రం మీద పడ్డ భారం పోలీసుల మీదికి పోయింది కదా.

ఆ మధ్య రోజుల్లో ఆ ఇంట్లో ఉన్నదెవరు? మా బావ. గోడలు కట్టడం, నేల తవ్వడం తెలిసినవాడెవడు? మా బావ. డిపోలో జాకీలు, గడ్డపారలు ఎవరి చేతిలో ఉంటాయి? గురువారం పొద్దున్నే జీపొచ్చింది.

మా మీటింగు హాల్లోనే విచారణ పెట్టారు. మధ్యలో మంత్రిగారు, కుడివైపు డైరెక్టరుగారు, ఎడమవైపు ఇన్‌స్పెక్టరు. మ్యాపు పట్టుకోవడానికి నేను. ఒక మూల క్వాలిటీ మాస్టారు, ఎవరూ పిలవకపోయినా. తలుపు దగ్గర మా అక్క, చేతిలో ఇంకా ఆ గరిటె.

"టన్నుకి ఇరవై రెండున్నర గ్రాములు. ఎన్ని టన్నులు తవ్వావు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేను తవ్వలేదు సార్. మా ఆవిడ గోడకి మేకు కూడా కొట్టనివ్వదు," అన్నాడు బావ.

"రాయి అలాగే ఉంది, బంగారం మాత్రం పోయింది. రాయి కదలకుండా ఎలా తీశావు?"

"అది తెలిస్తే డిపోలో ఎందుకుంటానండీ?"

"ఆ విధానమేంటో చెబితే శిక్ష తగ్గిస్తాం," అన్నారు డైరెక్టరుగారు, నోటు పుస్తకం తెరుస్తూ. "మా పరిశోధనకి పనికొస్తుంది."

మంత్రిగారు గడియారం చూసుకున్నారు. "ఇతన్ని లోపలెయ్యండి. రేపు పొద్దున్న నలభై ఇళ్లూ కూల్చి వెతకండి. ఏదో ఒక ఇంట్లో దాచే ఉంటాడు."

ఇన్‌స్పెక్టరు బావ భుజం మీద చెయ్యి వేశాడు. అక్క తలుపు వదిలి ముందుకొచ్చింది.

"ఆయన్ని వదిలెయ్యండి. తప్పు నాది."

అందరం మూలకి తిరిగాం. క్వాలిటీ మాస్టారు లేచి నిలబడ్డారు.

"బంగారం నువ్వు తీశావా?" అన్నారు మంత్రిగారు.

"తియ్యలేదండీ. పెట్టాను."

ఇన్‌స్పెక్టరు బావ భుజం మీంచి చెయ్యి తీసి మాస్టారి వైపు నడిచాడు.

"పదిహేడో పొట్లం కొండది కాదండీ, కాలనీదీ కాదు. ఆ పొడి బయటినుంచి సీసాలో వస్తుంది. అందులో బంగారం ఎంతుందో సీసా మీదే రాసుంటుంది. ప్రతి ఇరవై పొట్లాల్లోనూ అదొకటి కలిపి, జియాలజిస్టు పుస్తకంలో వదిలేసిన నెంబరు దానికి వేసి, ఎవరికీ చెప్పకుండా ల్యాబుకి పంపాలి. ల్యాబు సరిగ్గా చెబుతోందో లేదో కనిపెట్టడానికి. నా ఉద్యోగమే అదండీ."

డైరెక్టరుగారు బల్ల గుద్దారు. "శుక్రవారమే ఏడవలేకపోయావా? నోట్లో ఏం పెట్టుకున్నావు?"

మాస్టారు మంత్రిగారి వైపు చూడలేదు, డైరెక్టరుగారి వైపూ చూడలేదు. మా బావకి చేతులు జోడించారు.

"ఇరవై ఆరేళ్ల నుంచి ఆ పొడి పంపుతున్నాను బాబూ. ఒకసారి వంద గ్రాములన్నారు. ఒకసారి అసలు లేదన్నారు. ఒకసారి సీసమన్నారు. ఇంకోసారి పొట్లమే పారేశారు. ప్రతిసారీ తప్పని రాసి పెట్టాను, ఒక్కరూ చదవలేదు. శుక్రవారం సీసా మీద ఎంతుందో సరిగ్గా అంతే చెప్పారు. నా సర్వీసులో మా ల్యాబు నిజం చెప్పింది ఆ ఒక్కసారే నాయనా. అది తప్పని నా నోటితో నేనెలా చెప్పేది?"