నలభై రెండు నంబర్ చూపు

ఆ ఉదయం సిద్ధిరాములు అనుకున్నదల్లా చాయ్ తాగి నిజాంపురాలో తాను నడిపే సేఠ్ మగ్గాల దగ్గరికి పోవడమే. చెప్పులేసుకుంటుండగా ఫోన్ మోగింది. ఆదివారం కళ్లు పరీక్షించిన క్యాంపు నుంచి మెసేజ్: "సిద్ధిరాములు. నంబర్: 42. చష్మా ఇంటికే వస్తుంది."

ఆయన పాత చష్మా నంబరు రెండు. తెగిన పోగు కనబడని మనిషిని సేఠ్ ఒక్కరోజు కూడా ఉంచుకోడు. గోడమీది క్యాలెండర్ వైపు చూస్తే తేదీలు అప్పుడే మసకబారినట్టున్నాయి.

"బుచ్చమ్మా, నా కండ్లు పోతున్నయే!"

భార్య ఫోన్ లాక్కుంది. కింద ఆమె పేరున మరో మెసేజ్. అందులోనూ 42.

"నీది నాకు సుత అంటుకున్నదయ్యా!"

కేకలు విని పక్కింటి మోషే వచ్చాడు. అతనికి 41. అవతలి ఇంటి జమునకు 43. మోషే మొహం పాలిపోయింది.

"అన్నా, ఇల్లు దాటంగనే ఒకటి పెరుగుతున్నది. రోగం నడుసుకుంట పోతున్నది!"

పది నిమిషాల్లో ఆ వరస ఇళ్ల చాల్ అంతా తలుపులు బిగించుకుంది. చివరింటి అంకుశం, అరవై నంబరువాడు, పిల్లల్ని తలుచుకొని ఏడ్చాడు. ధైర్యంగా ఉన్నది మొదటింటి కనకవ్వ ఒక్కతే. ఆమెకు ఒకటే నంబరు.

"నా ఎనుక రాండ్రి. క్యాంపు ఆఫీసుకు తోల్కపోత."

ఒకరి భుజం ఒకరు పట్టుకొని అందరూ కదిలారు. ఉన్న చూపు అరిగిపోకుండా సిద్ధిరాములు కళ్లు మూసుకున్నాడు. కనకవ్వ వాళ్లను నేరుగా పిండి గిర్నీలోకి తీసుకెళ్లింది. గిర్నీ వాడు తిట్టి దారి చూపిస్తే, తెల్లటి మొహాలతో ఆఫీసు చేరారు.

లిస్టు తయారుచేసిన హెప్సిబా వాళ్లను చూసి లేచి నిలబడింది.

"కాకా, మీ తలుపు మీద ఏం నంబరున్నది?"

సిద్ధిరాములు కళ్లు తెరిచాడు. "నలభై రెండు, బిడ్డా."

హెప్సిబా తల పట్టుకుంది. "క్యాంపు లిస్టుల మీ చాల్ వాళ్లను ఎతికి తీసిన. చష్మాలు పంపనీకి ఇంటి నంబర్ల లిస్టు దానికి కలిపిన. రెండు లిస్టులల్ల కాలమ్ పేరు 'నంబర్' అనే ఉన్నది. కొత్తది పాతదాన్ని తుడిచి పెట్టింది."

అసలు లిస్టు తెరిచి, 'ఇంటి నంబర్' అని వేరే కాలమ్ పెట్టి, చష్మా నంబరు చెదరకుండా మళ్లీ కలిపింది. సిద్ధిరాములుకు రెండే. బుచ్చమ్మకు ఒకటిన్నర. మోషే దేవునికి స్తోత్రం చెప్పాడు.

కనకవ్వకు ఆరు.

తిరుగు దారిలో ఆమెను ముందు నడవమని ఎవరూ అడగలేదు.